సున్నం లెక్క

సున్నపురాయి రాత్రే నానబెట్టాలె.
కుండల బుడబుడ ఉడుకుతుంటే చెయ్యి పెట్టకని
మా నాయిన చెప్పిండు.
పండుగలెప్పుడొస్తయో మాత్రం చెప్పలే.
అవి నేను దేవరకొండ బొందలగడ్డల
కుంచె పట్టుకోని నేర్చుకున్న.

నవంబరు రెండు ఆర్సీఎం వాళ్ళది.
బత్తాయి కాయ రంగు తిరిగే దినాలు.
ఫాదర్ గారు తెల్లంగి మీద ఊదా కండువేసుకోని
గోరీ గోరీకి తీర్థం చల్లుకుంట పోతడు.
ఒక పేరు మరిచినా చచ్చినోళ్ళు అలుగుతరన్నట్టు
ఒక ముసలామె కాయితం చూసి అందరినీ పిలుస్తది.
సామ్రాణి పొగ నా తడి సున్నానికి పడుతది.

బాప్టిస్టోళ్ళది ఈస్టరు.
తారీఖు ఏటేటా జరుగుతది, చంద్రుణ్ణి బట్టంట.
పాస్టరమ్మనడిగి ఇంటి గోడ మీద బొగ్గుతోని రాసుకుంట.
చీకటితోనే వస్తరు,
కొవ్వొత్తులు, చామంతులు, నిద్రమత్తుల తూలే పిల్లలు.
ఖిల్లా గోడ ఎర్రబడంగనే
"లేచిండు" అని అందరూ ఒక్కపారి అంటరు.
ఆ మాటకు నా చేతుల బకెటు
జరంత బరువు తగ్గినట్టైతది.

డిసెంబర్ల పని గోరీల మీద కాదు, గోడల మీద.
ఆర్సీఎం గుడిల గడ్డి పరిచి పాక కడుతరు,
తొట్టి ఖాళీగుంచుతరు,
అర్ధరాత్రి పూజ దాకా బిడ్డను పండబెట్టరు.
బాప్టిస్టోళ్ళకు అంత ఓపిక లేదు,
ఒకటో తారీఖే వెదురుకు చుక్క కట్టి
ఇల్లిల్లూ పాడుకుంట తిరుగుతరు.
రేకుల షెడ్డు చప్పట్ల సంఘం
ముప్పై ఒకటి రాత్రికి గొంతు దాచుకుంటది.
సహవాసపోళ్ళు కూడ సున్నం వెయ్యమంటరు,
పండుగకు కాదు, గోడకు చెమ్మ పట్టిందని.

శౌరమ్మ గోరీ ఆ మూలకు, తంగేడు పక్కన.
పెద్దకొడుకు ఇన్నయ్య నవంబరుకు పైసలిస్తడు.
బిడ్డ రూతమ్మను బాప్టిస్టోళ్ళకిచ్చిండ్రు,
ఈస్టరుకు ఆమె ఇస్తది.
ఒకరిచ్చింది ఒకరికి తెలుసు,
తెలియనట్టే అడుగుతరు, పోయినసారి పూత నిలిచిందా అని.
ఏడాదికి రెండు పూతలు.
బొందలగడ్డ మొత్తంల తెల్లగున్నది ఆమెనే,
బతికినన్ని దినాలు
మిషన్ హాస్టలు పొయ్యికాడ మసిబారిన మనిషి.

చిన్నోడు సిలువయ్య సహవాసంల కలిసిండు.
సొమ్ము లేదు, చుక్క లేదు, పండుగ లేదు.
"అన్ని దినాలు ఆయనవే, ముత్తిలింగం,
ఒకదాన్ని ఎత్తుకుంటే మిగిలినయి ఏం పాపం జేసినయి?"
తల్లి గోరీ దిక్కు పదకొండేండ్లు రాలే.
జనం తలా ఒక మాట అనుకున్నరు. నేనూ అనుకున్న.

పోయిన ఆషాఢంల, మంగళారం, ఉత్త మంగళారం,
సైకిలు తంగేడుకు ఆనిచ్చి నిలబడ్డడు.
"ఇయ్యాల ఏం లేదు గద" అన్న.
"ఏం లేదనే వచ్చిన."
కుంచె అడిగి తీసుకున్నడు. పట్టుడు రాదు.
తలాపు పక్క అడ్డం పూసిండు, మల్ల నిలువు పూసిండు,
మోచేతుల దాకా కారించుకున్నడు.
ప్రార్థన చెయ్యలే. నేను చూస్తున్ననని కావచ్చు.
పోయేటప్పుడు ఒక్కటే అడిగిండు:
"అమ్మకు నీలిమందు కలిపిన తెలుపంటే పానం.
ఈసారి కలుపుతవా?"

నవంబరుకు ముందు పైసలియ్యొచ్చిన ఇన్నయ్య
వంగి చూసిండు.
"తలాపు దిక్కు ఈ చారలెవరియి?"
వానయి అన్న.
ఒక చార మీద వేలు పెట్టి
కింది దాకా తీసుకపోయిండు.
"ఆ పక్క వెయ్యకు. ఉండనీ."

ఈస్టరు నాడు రూతమ్మ
కొవ్వొత్తి అక్కడనే పెట్టింది,
నన్నేం అడగలే.
నీలిమందు రెండు చిటికెలు ఎక్కువైందని మాత్రం
పాట మధ్యల ఆగి అన్నది.